నీలిగుడ్డ కట్టిన దొలాన

తెరాక్‌సాయ్,
ఫిబ్రవరి ఆఖరు, 1977

వియ్యపురాలు సబోహత్ గారికి,

బోయ్‌మిర్జా రాసింది. ఎవరి చేతా రాయించింది కాదు, నేనే రాసింది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, గాడిదా, నాలుగు మేకలూ.

ఈ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవరు హమ్‌దమ్ దగ్గర తడి గోనె చుట్టిన మొక్క ఒకటి ఉంటుంది. అది దొలాన. వీధి గుమ్మం పక్కన బోసిగా ఉంది, ఇంటికి కళగా ఉండే చిన్న చెట్టు ఏదైనా కొండ నుంచి పంపమని మా అమ్మాయి అనార్‌గుల్ చేత మీరు రాయించారు కదా. పంపాను. గొప్పదేమీ కాదు. ముళ్ళకంప. మా కొండ మీద దీన్ని మేకలు కూడా పట్టించుకోవు.

నాటే పద్ధతి. గోడకు మూడడుగులు ఎడంగా, ఎండ తగిలేచోట గొయ్యి తీయండి. పేడ వేయొద్దు. కొండ చెట్టుకు కడుపు నిండితే బద్ధకం వస్తుంది. వారానికి ఒకసారి నీళ్ళు చాలు. మీ ఊరి కాలువ పక్కన ఉందికదా అని రోజూ పోసి వేళ్ళు కుళ్ళబెట్టకండి. నేల నుంచి జానెడు ఎత్తున కాండానికి నీలిగుడ్డ కట్టి ఉంటుంది. అది మట్టిలో మునగకూడదు. ఎందుకని అడగొద్దు.

నన్ను రమ్మంటున్నారని కూడా అమ్మాయి రాసింది. పెళ్ళిలో జరిగింది నేను మరిచిపోలేదు. రాత్రంతా బస్సులో వచ్చి, తెల్లవారకుండానే మీ పులావు పళ్ళెం ముందు కూర్చున్నాను. మూడు ముద్దలు తిన్నానో లేదో, ఎవడో వచ్చి "పెద్దాయనా, కాస్త లేవండి, బయట జనం నిలబడున్నారు" అన్నాడు. పిల్లనిచ్చిన మామని. లేచాను. లేచినవాడిని అటే బస్సెక్కాను. మా కొండ మీద దొంగను కూడా పళ్ళెం దగ్గర నుంచి లేపరు.

ఆ దొలాన మీ గుమ్మంలో తెల్లగా పూసిన ఏడాది వస్తాను. పూయకపోతే రాను. ఇక అడగొద్దు. నేను మాట మార్చే మనిషిని కాను.

నా రాత కోడి గీకినట్టుంటుంది. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాడిని. మీరు పంతులమ్మ అని తెలుసు. తప్పులు దిద్ది తిరిగి పంపకండి.

బోయ్‌మిర్జా


తాష్కెంట్, అంజీర్ సందు,
మార్చి 24, 1977

అన్నయ్యగారికి సబోహత్ సలాములు.

మొక్క సుఖంగా చేరింది. హమ్‌దమ్ దాన్ని తన పక్కసీటులో కూర్చోబెట్టి తెచ్చాడు. "మీ వియ్యంకుడు దీనికి టిక్కెట్టు కొట్టమన్నాడమ్మా. కంపకి టిక్కెట్టేంటి తాతా అంటే, కంప అంటావురా అని కర్రెత్తాడు" అన్నాడు. ఉత్తరంలో కంప, బస్సు దగ్గర కంప కాదు. నేను ఏది నమ్మాలి?

నవ్రూజ్ పండగ ముందురోజు నాటాము. మూడడుగులు నేనే కొలిచాను. పేడ వేయలేదు. నీలిగుడ్డ నేలకు జానెడు పైనే ఉంది. ఎందుకని అడగలేదు, గమనించగలరు.

పులావు సంగతి. అన్నయ్యగారూ, మా ఊళ్ళో పెళ్ళి పులావు పొద్దు పొడవకముందే పెడతారు. నాలుగు వందల మంది మగవాళ్ళు వస్తారు, తింటారు, దీవిస్తారు, లేస్తారు. లేవకపోతే బయటవాళ్ళకు పనివేళ దాటిపోతుంది. లేవమనడం ఇక్కడ మర్యాదలో భాగమే. మా సొంత తమ్ముడినీ అలాగే లేపారు, వాడు చేతిలో ఎముకతోనే లేచిపోయాడు. కొండవాళ్ళకు అది తిట్టుతో సమానమని మాకెవరికీ తోచలేదు. మీకు లోపలి గదిలో పరచవలసింది. తప్పు నాది. ఈ మాట రెండేళ్ళుగా మీ అమ్మాయి చేత చెప్పిస్తున్నాను, ఇప్పుడు నా చేత్తో రాస్తున్నాను.

పక్కింటి మిర్‌సొబిర్ అన్నగారు వచ్చి మొక్క చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఆయన బేరిపండ్లు మా సందంతా తింటుంది. "ఎంత గట్టి వేరు పంపాడమ్మా మీ వియ్యంకుడు" అని తెగ మెచ్చుకున్నారు. మీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

మీ రాతలో తప్పులు తొమ్మిది. దిద్దలేదు.

సబోహత్


తెరాక్‌సాయ్,
ఏప్రిల్ 2

వియ్యపురాలికి,

ముందు ఉత్తరంలో ఒక మాట మరిచాను. ఈ ఏడాది దానికి కత్తి తగలకూడదు. ఎండిన పుల్ల కనిపించినా సరే, తుంచొద్దు.

ఆ బేరిపండ్లాయన ఎవరో వేరును మెచ్చుకున్నాడన్నారు. వేరును మెచ్చుకోవడమేమిటి? చెట్టును కదా మెచ్చుకోవాలి.

హమ్‌దమ్ మాటలు నమ్మకండి. వాడు పుట్టినప్పటినుంచీ అంతే.

బోయ్‌మిర్జా


తాష్కెంట్,
మే 11, 1977

అన్నయ్యగారికి,

మీ ఏప్రిల్ ఉత్తరం మొన్న చేరింది. దారిలో వరద వచ్చి టపా బండి ఆగిపోయిందట. కత్తి సంగతి రాశారు. ఇప్పుడు దాని జోలికి ఎవరూ పోవడం లేదు. బాగా చిగురిస్తోంది. మీకోసం ఒక ఆశ్చర్యం దాచాము, దాని సంగతి తర్వాత.

ఈలోగా అంతకన్నా పెద్దది చెబుతాను. అనార్‌గుల్ తల్లి కాబోతోంది. చలికాలం మొదట్లో అని డాక్టరమ్మ చెప్పింది. పిల్లకు పుల్లపుల్లగా తినాలని ఉంటోంది. "అమ్మ దారానికి గుచ్చిన దొలాన పండ్లుంటే బాగుండు" అని నిన్న అంది. మా బజారంతా తిరిగాను, దొరకలేదు. కాలం కాదుగా. మీ పెరట్లో చెట్టు కాస్తే ఈ శరదృతువులో ఒక దండ పంపండి.

మీరు వస్తే పిల్ల ఎంత సంతోషిస్తుందో రాయను. అడగొద్దన్నారు కదా.

సబోహత్


తెరాక్‌సాయ్,
జూన్ 3

వియ్యపురాలికి,

అమ్మాయి సంగతి చదివాను. ఒకసారి చదివాను, మళ్ళీ చదివాను, మేకలకు కూడా చదివి వినిపించాను. ఉయ్యాల తొట్టి పుట్టింటివాళ్ళే తేవాలి కదా. మల్బరీ కొయ్య కోసి నీడన ఆరబెట్టాను. వడ్రంగి చేత చేయించను, వాడు మేకులు కొడతాడు. నేనే చేస్తాను. హమ్‌దమ్‌తో పంపుతాను.

దొలాన పండ్లు ఈ ఏడాది లేవు.

"ఇప్పుడు దాని జోలికి ఎవరూ పోవడం లేదు" అని రాశారు. మీరు పంతులమ్మ. మాటలు తూకం వేసి వాడే మనిషి. ఇప్పుడు పోవడం లేదు, సరే. అప్పుడు ఎవరు పోయారు?

ఒక ఆకు కోసి కవరులో పెట్టి పంపండి.

బోయ్‌మిర్జా


తాష్కెంట్,
జూలై 6, 1977

అన్నయ్యగారికి,

మీ దగ్గర ఏదీ దాగదు. ఇదిగో ఆకు. చూశారా? చూసి నవ్వుతున్నారా?

మీరు పంపిన వేరు మీద మిర్‌సొబిర్ అన్నగారు బేరి అంటు కట్టారు. ఏ బేరి అనుకున్నారు? వాళ్ళ నాన్నగారు నాటిన తేనెబేరి. దాని పుల్ల ఆయన ఇంతవరకు సొంత అల్లుడికి కూడా ఇవ్వలేదు. మోకాలెత్తున కాండం కోసి, రెండు పుల్లలు దిగేశారు. రెండూ పట్టాయి. "కొండ మనిషి పట్నానికి దొలాన పంపాడంటే దేనికి? బేరి కట్టుకోమనే కదా. మాకు ఆ మాత్రం తెలీదా" అన్నారు. అనార్‌గుల్ కూడా "నాన్న కొండ మీద కనిపించిన ప్రతి దొలానకీ బేరి కట్టేవాడు" అంది. మీ ఏప్రిల్ ఉత్తరం వచ్చేసరికే ఆ పని అయిపోయింది. అంటు పట్టేదాకా చెప్పకూడదని ఊరుకున్నాను.

కోసిన దొలాన తలను వీధిలో ముసలమ్మలు పంచుకున్నారు, దిష్టి తగలకుండా పిల్లల మెడకు కడతారట. నేను వేలెడు ముక్క దాచాను, రాబోయే ఉయ్యాల కోసం.

మీ ముళ్ళకంప తేనెబేరి అయింది అన్నయ్యగారూ. మూడేళ్ళలో పండు.

సబోహత్


తెరాక్‌సాయ్,
సెప్టెంబరు 19

సబోహత్ గారికి,

ఆకు అందింది. బేరి ఆకు. మంచి జాతి.

దొలాన పూస్తే వస్తానన్నాను. బేరి పూస్తే వస్తాననలేదు.

ఉయ్యాల చేస్తున్నాను. హమ్‌దమ్ తెస్తాడు.

బోయ్‌మిర్జా


తాష్కెంట్,
అక్టోబరు 8, 1977

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం మూడు ముక్కలు. నేను దాన్ని పది రోజులుగా చదువుతున్నాను.

మొదట నాకు కోపం వచ్చింది. కంప అన్నది మీరు. మేకలు పట్టించుకోవన్నది మీరు. ఇచ్చేవాడు తన కానుకను తక్కువ చేసి చెప్పాలని నాకూ తెలుసు, అయినా మనిషన్నవాడు ఎక్కడో ఒక మాట నిజం చెప్పాలి కదా అనుకున్నాను. అనార్‌గుల్‌కి చూపించాను. అది చదివి, "నాన్న బేరికి కోపం తెచ్చుకోడత్తయ్యా. ఇందులో ఇంకేదో ఉంది" అంది. ఆ నిండు చూలాలు నా మాట వినకుండా బస్సుల అడ్డాకు వెళ్ళి హమ్‌దమ్‌ని నిలదీసింది. వాడు టోపీ తీసి, తల గోక్కుని, "చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడక్కా" అంటూనే అంతా చెప్పేశాడు.

పోయినేడు వేసవి మొదట్లో కొండవాగు పొంగి మీ పెరటి గోడ కొట్టుకుపోయిందట. గోడతో పాటు వదినగారి దొలాన కూడా. పెళ్ళినాడు బీబీసోర వదిన పుట్టింటి కొండ నుంచి తెచ్చి నాటిన చెట్టు. మీరు ఏడాదిన్నరగా అమ్మాయికి "చెట్టు బాగుంది, పూత బాగుంది" అని రాస్తున్నారు. మాకు పంపింది ఆ చెట్టు పిల్లేనా? నిజం చెప్పండి.

అదే అయితే నేనేం చేశానో నాకు తెలుసు. క్షమించమని రాయడానికి ముప్పై ఆరేళ్ళు బడిలో చెప్పిన చదువు కూడా చాలడం లేదు.

ఇంకొకటి. ఆ తెల్లవారుజామున పులావు దగ్గర మిమ్మల్ని లేపింది మిర్‌సొబిర్ అన్నగారే. మా సందులో పెళ్ళి పంక్తులు నడిపేది ఆయనే. మీరు అలిగి వెళ్ళారని తెలిసినప్పటినుంచి ఆయన మనసులో అది ముల్లులా ఉంది. అందుకే అల్లుడికి ఇవ్వని పుల్ల మీ వేరుకు ఇచ్చారు. అది మీకు చెప్పుకున్న క్షమాపణ. నిన్న నిజం చెబితే ఆయన మంచం మీద కూలబడి, "అమ్మా, రెండుసార్లు ఒకే మనిషిని పీట మీంచి లేపానన్నమాట" అన్నారు.

ఒక చిన్న ఆశ. బేరి అంటుకు కిందుగా కాండం మీద ఒక పిలక వచ్చింది. అంటుకు బలం పోతుందని మిర్‌సొబిర్ అన్నగారు వేసవంతా గోటితో గిల్లేస్తూనే ఉన్నారు. అది మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. ఇవాళ దాని మీద బకెట్ బోర్లించి, ఎవరూ ముట్టకుండా నేను పక్కనే కూర్చున్నాను. ఇది పనికొస్తుందా?

సబోహత్


తెరాక్‌సాయ్,
అక్టోబరు 30

చెల్లెమ్మా,

బకెట్ తీసెయ్యి. మొక్కకు ఎండ కావాలి. పంతులమ్మవి, ఆ మాత్రం తెలీదా.

నిజం అడిగావు. చెబుతాను. ఇంత పొడుగు ఉత్తరం నా బతుకులో రాయలేదు.

అది బీబీసోర చెట్టే. ఆమె చనిపోయిన ఏడాది దాని పుల్లలు కోసి మూడు అడవి దొలాన మొక్కల మీద అంటు కట్టాను. మేకలు పట్టించుకోవని రాసింది అబద్ధం. ఒకదాన్ని మేకే తినేసింది. రెండోది తల్లిచెట్టుతో పాటు వాగులో పోయింది. పై మడిలో ఉంది కాబట్టి మూడోది మిగిలింది. అదే మీకు పంపాను. ఎందుకు పంపానంటే, నా గోడ పోయింది, వాగు మళ్ళీ రాదని ఎవడూ రాసివ్వలేదు. అమ్మాయి ఉన్నచోట ఉంటే బతుకుతుందనుకున్నాను. తల్లిచెట్టు పోయిందని దానికి చెప్పలేకపోయాను. మీకు చెబితే జాలిపడతారని చెప్పలేదు. వియ్యంకుల ముందు నేను జాలిపడాల్సిన మనిషిలా ఉండను.

ఇంకో సంగతి. ఆకు అందాక ఆగస్టులో నేను తాష్కెంట్ వచ్చాను. హమ్‌దమ్ ఇది చెప్పలేదంటే వాడికి కాస్త బుద్ధి వచ్చినట్టే. మీ సందులో కాలువకు అవతలి పక్క నిలబడ్డాను. సంకలో పుచ్చకాయ ఉంది. చెట్టును చూశాను. మోకాలెత్తున నరికిన కాండం, మీద నున్నటి బేరి ఆకులు. అనార్‌గుల్ గుమ్మం ముందు నీళ్ళు చల్లుతోంది. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, అచ్చం వాళ్ళమ్మ లాగే. నన్ను చూడలేదు. పిలవబోయాను. గొంతు రాలేదు. కోపం అనుకున్నాను. కోపం అయితే గొంతు వస్తుంది కదా. తిరిగి అడ్డాకు పోయి, హమ్‌దమూ నేనూ పుచ్చకాయ తినేశాం. చప్పగా ఉంది.

ఇప్పుడు పిలక సంగతి. జాగ్రత్తగా చదువు. నీలిగుడ్డ ముడి ఎక్కడుందో అక్కడ నా అంటు అతుకు ఉంది. ముడికి కింద వేరు అడవి దొలానది. పైన ఉన్నదంతా బీబీసోరది. పిలక ముడికి పైన వచ్చిందా, కింద వచ్చిందా? కింద అయితే ఎర్రగా చిన్న చిన్న చేదు కాయలు కాస్తుంది. నా కొండ నిండా అవే. పైన అయితే ఆ చెట్టు ఇంకా ఉన్నట్టు.

ముడి చూసి వెంటనే రాయి.

అన్న, బోయ్‌మిర్జా


తాష్కెంట్,
డిసెంబరు 2, 1977

అన్నయ్యా,

ముందు శుభవార్త. నవంబరు 21న ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా కులాసా. పేరు బీబీసోర. మీ అనుమతి అడగలేదు, అడిగితే "ఎందుకులే" అంటారని. ఉయ్యాల అందింది. ఒక్క మేకు లేదు, ఒక్క కిర్రు లేదు. పిల్ల ఏడిస్తే ఇల్లెగిరిపోతుంది. తాత గొంతే. దాచిన దొలాన ముక్కకు చిల్లు పొడిచి ఉయ్యాల కమ్మికి కట్టాము.

ఇప్పుడు చెడ్డవార్త. ముడి లేదు. గుడ్డ బెరడును కోస్తోందని జూన్‌లో మిర్‌సొబిర్ అన్నగారు విప్పేశారు. గుడ్డ నా పెట్టెలో ఉంది, ఉతికి మడత పెట్టాను. గుర్తు మాత్రం కాండం మీద లేదు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నేల మీద బోర్లా పడుకుని వెతికారు. "ఈయన అతుకు ఎక్కడ పెట్టాడో నాకే కనబడ్డం లేదు. ఇలాంటి చెయ్యి నేనింకా చూళ్ళేదు" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు, కళ్ళలో నీళ్ళతో.

జానెడు అన్నారు కదా అని నా జానతో కొలిచాను. పిలక పైన ఉంది. ఆయన జానతో కొలిచారు. పిలక కింద ఉంది. మా అబ్బాయి వాసిల్ కొలిస్తే సరిగ్గా దాని మీదే పడింది. మీ జాన ఎంత?

సబోహత్


తెరాక్‌సాయ్,
డిసెంబరు 20

చెల్లెమ్మా,

పేరు చదివాక బయటికి వెళ్ళి మంచు ఊడ్చాను. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. మంచి పేరు. అడగకపోవడం మంచిదైంది.

కవరులో దారం ఉంది. అది నా జాన. నేల మీద నుంచి కొలవండి. కాండం చుట్టూ మట్టి ఎగదోశారేమో, ముందు పాత నేల గీత దాకా గీకండి.

అతుకు కనబడ్డం లేదని ఆయన అన్నాడా? నా అంటు అతుకు కనబడదని నలభై ఏళ్ళుగా ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ గొప్పే నా మెడకు చుట్టుకుంది.

ఆయనకు చెప్పు. తేనెబేరి అంటు బాగా కట్టాడు. మోకాలెత్తున కొయ్యడం కూడా సరైన పనే, ఇంకా కిందికి కోసి ఉంటే అన్నీ పోయేవి. క్షమాపణ అందిందని చెప్పు. ముద్ద దగ్గర నుంచి లేపింది మాత్రం ఇంకా ఖాతాలోనే ఉంది.

బోయ్‌మిర్జా


తాష్కెంట్,
జనవరి 15, 1978

అన్నయ్యా,

దారంతో కొలిచాము. సందులో సగం మంది వచ్చారు. మట్టి గీకితే ఒక గీత కనబడింది. అది నాటిన నాటి గీత అని నేను, కాదు పోయిన వానలో పేరుకున్న బురద అని మిర్‌సొబిర్ అన్నగారు. నా గీత నుంచి కొలిస్తే పిలక ముడికి రెండు వేళ్ళు పైన. ఆయన గీత నుంచి కొలిస్తే ఒక వేలు కింద. ముసలమ్మలు చెరో పక్కా చేరి వాదించుకుంటున్నారు. సందులో ఇంత సందడి ఎన్నికల రోజు కూడా ఉండదు.

బేరిని రంపంతో కోసేస్తానని ఆయన పట్టుబట్టారు. "అది నా తప్పు, నా చేత్తోనే తీస్తాను" అన్నారు. నేను రంపం లాక్కుని దాచాను. మీరు చెబితేనే ఇస్తాను.

ఇంకెలా తెలుస్తుంది?

సబోహత్


తెరాక్‌సాయ్,
ఫిబ్రవరి 4

చెల్లెమ్మా,

రంపం దాచే ఉంచు. పట్టిన అంటును కోసేవాడిని నేను కొండ మీంచి తోసేస్తాను.

ఆకు వచ్చేదాకా ఆగాలి. ఆకు వచ్చాక అడుగు పక్క బొటనవేలితో నిమరండి. అడవిదైతే రంగేసిన తలుపులా నున్నగా జారుతుంది. బీబీసోరదైతే మేకపిల్ల చెవిలా మెత్తగా నూగు తగులుతుంది. ఆమె పెళ్ళి కొత్తలో నా చెయ్యి పట్టుకుని తాకించి చూపించింది. అందుకే తెలుసు.

ఆకు పంపండి. ఈసారి ఏదైనా సరే, పంపండి.

బోయ్‌మిర్జా


తాష్కెంట్,
ఏప్రిల్ 9, 1978

అన్నయ్యా,

కవరులో ఆకు ఉంది. నిన్న విచ్చుకుంది. అనార్‌గుల్ కోసింది, పాపాయి చేతికి తాకించి మరీ పెట్టింది. నేను తాకాను. మిర్‌సొబిర్ అన్నగారు తాకారు. ఎవరం ఏమీ అనుకోలేదు. అనుకున్నా మీకు రాయను. మా వేళ్ళు పట్నం వేళ్ళు, సుద్దముక్కా పాలగిన్నే తప్ప వాటికేమీ తెలియదు. మీ బొటనవేలినే చూసుకోనివ్వండి.

సబోహత్


తెరాక్‌సాయ్,
ఏప్రిల్ 21, 1978

చెల్లెలు సబోహత్‌కి,

కవరు వచ్చింది. వెంటనే విప్పలేదు. మేకల దగ్గర నుంచి వచ్చాను కదా, చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, ఎండలో కూర్చుని విప్పాను. ఆకు కాస్త వాడింది. అడుగు పక్క తిప్పి బొటనవేలు పెట్టాను.

మేకపిల్ల చెవి.

కళ్ళు మూసుకుని మళ్ళీ నిమిరాను. అదే. మేకపిల్లను పట్టుకొచ్చి దాని చెవితో పోల్చి చూశాను. అదే.

పక్కింటివాడు గోడ మీంచి, "ఏంటి తాతా, మేక చెవిలో రహస్యం చెబుతున్నావా?" అన్నాడు. అవునన్నాను. కొత్త గోడ కట్టానని చెప్పలేదు కదా. పోయినదానికన్నా రెండడుగులు ఎత్తు.

ఇప్పుడు మాట. పూస్తేనే వస్తానన్నాను. మాట మాటే. ఆ పిలక పూయడానికి ఇంకా రెండేళ్ళు పడుతుంది. పూసిన ఏడాది అతిథిగా వస్తాను, మీరు గుమ్మం దాకా ఎదురు రావాలి.

కానీ ఈ ఏడాది పని ఉంది. బేరి ఇలాగే పెరిగితే కింద పిలకకు ఎండ తగలదు. బేరిని చంపకుండా ఒక పక్కకు వంచాలి, తూర్పు పక్క కొమ్మ తగ్గించాలి. అది మీ మిర్‌సొబిర్ వల్ల కాదు. ఆయనకు కట్టడం తెలుసు, తగ్గించడం తెలీదు. అందుకని వచ్చే ఆదివారం హమ్‌దమ్ బస్సులో వస్తున్నాను. పనివాడిగా వస్తున్నాను. పనివాడు ఏ గుమ్మమైనా ఎక్కవచ్చు, మాట తప్పినట్టు కాదు. ఆగస్టులో ఇంకోసారి రావాలి. పిలక మీది చిగురు కన్నులు అప్పటికి ముదురుతాయి, అంటు కట్టడానికి ఒకటి కోసి తడిగుడ్డలో చుట్టి కొండకు తెచ్చుకుంటాను. కొత్త గోడ వెనక అడవి మొక్క ఒకటి నాటి ఉంచాను. ఆ నీలిగుడ్డ ఉతికి దాచానన్నావు. ఇంకా పనికొస్తుంది, పారేయకు.

ఒకే వేరు మీద బేరీ దొలానా రెండూ ఉంటాయి. వసంతంలో ముందు బేరి పూస్తుంది, అది రాలాక దొలాన పూస్తుంది. గుమ్మంలో నెల రోజులు తెలుపే. మన రెండు కుటుంబాల్లాగా అని రాయబోతావు, నాకు తెలుసు, పంతులమ్మవి కదా. రాయకు. చెట్టు చెట్టే.

పాపాయికి పుచ్చకాయ తెద్దామంటే కాలం కాదు. దొలాన పండ్ల దండా లేదు. ఉత్త చేతులతో వస్తున్నాను. వాటిని కడుక్కునే ఎత్తుకుంటాను.

పనివాడికి పులావు పెట్టాలి. లోపలి గదిలో పరచొద్దు. ఆ రోజు కూర్చోబెట్టిన చోటే పరచండి. నన్ను లేపడానికి మిర్‌సొబిర్‌నే నిలబెట్టండి. ఎంతసేపు నిలబడతాడో చూస్తాను.

అన్న,
బోయ్‌మిర్జా